తాటిచెట్ల దీవిలో స్థలం కొనాలనుకుంటే

జకార్తాలో మనవాళ్ల ఇళ్లకు ఏ వ్రతానికి వెళ్లినా, భోజనాలయ్యాక మగవాళ్ల మాటలు స్థలాల మీదికి మళ్లుతాయి. మొదట బాలి అన్నారు, తర్వాత లొంబోక్, ఇప్పుడు ఇంకా తూర్పుకు జరిగి సుంబా, రోటె అంటున్నారు. "బాలిలో ఇరవై ఏళ్ల కిందట కొన్నవాళ్లని చూడండి" అనే మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు. కాకినాడ దగ్గర మా నాన్నగారు నా పేర రాసిన అరెకరం పోయినేడు అమ్మాం. ఆ డబ్బు మా అమ్మాయి చదువుకని పక్కన పెట్టుకున్నాను. అందులో సగం రోటెలో సముద్రపు ఒడ్డు స్థలం మీద పెడదామని మావారు, ఆయన స్నేహితులిద్దరూ అనుకున్నారు. చూడకుండా సంతకం పెట్టనన్నాను. అందుకని మే నెలలో పిల్లదాని సెలవులు చూసుకుని బయల్దేరాం.

రోటె ఇండోనేషియాకు దక్షిణపు కొస. తిమోర్ దీవికి నైరుతిలో ఉంటుంది. జకార్తా నుంచి కూపాంగ్‌కి విమానంలో మూడు గంటలు, అక్కడి నుంచి స్పీడు బోటులో బఆ అనే ఊరికి రెండు గంటలు, ఆ పైన కారులో గంటన్నర వెళితే నెంబరాలా. కూపాంగ్ నుంచి చిన్న విమానం కూడా ఉంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పడమటి గాలులు ముదిరితే బోట్లు ఆపేస్తారు. ఒక్కోసారి రోజుల తరబడి. ఆ సమయంలో ఒంట్లో బాగోలేకపోతే బఆలో ఉన్న ఆసుపత్రే దిక్కు, పెద్ద జబ్బయితే కూపాంగ్‌కి దాటాల్సిందే. స్థలం ఫొటోలు పంపినవాళ్లెవరూ ఈ మాట చెప్పలేదు.

దీవిలో దిగగానే నాకు కనిపించినవి తాటిచెట్లు. కొబ్బరి కాదు, అచ్చంగా మన తాడిచెట్లే. అక్కడ లొంతార్ అంటారు. జావా భాషలో 'రొన్' అంటే ఆకు, 'తాల్' అంటే తాళం, అదే తిరగబడి లొంతార్ అయింది. అంటే మన తాళపత్రమే. రోటె మనుషుల బతుకంతా ఈ చెట్టు చుట్టూ ఎలా అల్లుకుందో జేమ్స్ ఫాక్స్ అనే మానవశాస్త్రవేత్త 1977లో 'హార్వెస్ట్ ఆఫ్ ది పామ్' అని ఒక పుస్తకమే రాశారు. మన గీత కార్మికుల్లాగే పొద్దున, సాయంత్రం చెట్టెక్కి గెల కోసి రసం దించుతారు. మన దగ్గర లొట్టి కడతారు, వాళ్లు తాటాకుతో చేసిన బుట్ట కడతారు. దాన్ని హాయిక్ అంటారు, చుక్క కారదు. రసాన్ని కాచి పాకం చేసి జాడీల్లో దాచుకుంటారు, ఇంకా కాచి బిళ్లలు పోస్తారు. వర్షాలు తక్కువై జొన్నా మొక్కజొన్నా దక్కని రోజుల్లో ఈ పాకం నీళ్లలో కలుపుకుని తాగి గడిపేసిన దీవి ఇది. చివరికి వాళ్ల సంగీతవాద్యం ససాందోకి కూడా తాటాకు దొప్పే గూడు. నేను ఒక బిళ్ల కొరికి చూశాను. మా అమ్మమ్మ ఇంటి తాటిబెల్లం రుచి, కాస్త పొగ వాసన ఎక్కువ.

ఇంకో తమాషా. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లని 'మామా' అని పిలవాలి. పండుముసలావిడని మామా అని పిలవడానికి నాకు రెండు రోజులు నోరు రాలేదు. మిగతా మాటలు మాత్రం చుట్టాల్లా పలకరించాయి. భర్త 'సువామి', భార్య 'ఇస్త్రి', ఊరు 'దేసా', జిల్లా అధికారి 'బుపాతి', సాక్షి 'సక్సి', జరిమానా 'దెండా'. భూమి పత్రాల్లో చివరి రెండు మాటలూ ఎదురవుతాయి కాబట్టి గుర్తుపెట్టుకోండి.

నెంబరాలాకి పరదేశీలు వచ్చేది అలల కోసం. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ విరిగే పెద్ద అలకి సర్ఫింగ్ చేసేవాళ్లలో పేరుంది. ఊరివాళ్లకి మాత్రం ఆ సముద్రం నాచు పొలం. నీళ్లలో తాళ్లు కట్టి, వాటికి చిన్న చిన్న నాచు మొక్కలు ముడివేసి, నలభై, నలభై అయిదు రోజుల్లో కోసి, ఒడ్డున ఎండబెట్టి అమ్ముతారు. ముడులు వేసే పని ఎక్కువగా ఆడవాళ్లది. ఈ నాచులోంచే కారజీనన్ తీస్తారు. ఐస్‌క్రీమ్ చిక్కగా ఉండటానికి, టూత్‌పేస్టు విడిపోకుండా ఉండటానికి వాడేది అదే. బి.ఎస్సీ.లో ఆల్గే అంటే బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోవడమే నాకు తెలుసు, దాని మీద ఇల్లు గడవడం ఇక్కడే చూశాను. నీళ్లు వేడెక్కినా, వాన నీటితో ఉప్పు పలచబడినా మొక్క బలహీనపడి, బాక్టీరియా పట్టి, కొమ్మలు తెల్లబడి రాలిపోతాయి. దాన్ని 'ఐస్ ఐస్' అంటారు. పంట పోయినట్టే.

2009 ఆగస్టులో ఆస్ట్రేలియా వైపు సముద్రంలో మోంటారా అనే చమురు బావి పేలి, పది వారాలకు పైగా చమురు కారింది. ఆ తర్వాత ఇక్కడి నాచంతా చచ్చిపోయింది. రోటె, కూపాంగ్ ప్రాంతాల నుంచి 15,000 మందికి పైగా నాచు రైతుల తరఫున డానియల్ సాండా అనే రోటె రైతు ఆస్ట్రేలియా కోర్టుకెక్కాడు. 2021లో తీర్పు వాళ్ల వైపు వచ్చింది, 2022లో 19 కోట్ల 25 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. పదమూడేళ్లు పట్టింది. తీర్పు వచ్చిన కొన్నాళ్లకే, 2021 ఏప్రిల్లో, సెరోజా తుపాను ఈ దీవుల మీద విరుచుకుపడింది. సముద్రానికి ఎదురుగా ఇల్లు అనుకునేవాళ్లు ఆ తుపాను ఫొటోలు ఒకసారి చూడాలి.

ఇక స్థలం సంగతి. అక్కడ కొలత 'ఆరె'. ఒక ఆరె అంటే 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. తెలంగాణ వాళ్లకి ఇంకా సులువు, ఇంచుమించు ఒక గుంట. మాకు చూపించింది ఇరవై ఆరెలు, అంటే అరెకరానికి కొంచెం తక్కువ. నేను అమ్మినదీ దాదాపు అంతే.

ఇండోనేషియా భూమి చట్టం 1960 నాటిది. దాని ప్రకారం 'హక్ మిలిక్', అంటే పూర్తి సొంత హక్కు, ఆ దేశ పౌరులకే. మధ్యవర్తి దానికి చెప్పిన మార్గం ఏమిటంటే, స్థానికుడు ఒకరి పేర కొని, ఆయన దగ్గర అప్పు పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుని మన దగ్గర ఉంచుకోవడం. వాళ్లు దీన్ని 'నామినీ' అంటారు. మన భాషలో బినామీ. అదే చట్టంలో 26వ సెక్షన్ నేను మావారి చేత రెండుసార్లు చదివించాను. నేరుగా గానీ, చాటుగా గానీ పరదేశీయుడికి సొంత హక్కు దక్కేలా చేసిన ఏ లావాదేవీ అయినా చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. ఇంత తేటగా రాసి ఉన్నాక "అందరూ చేస్తున్నారు" అనే మాటకి విలువేముంది?

చట్టం ఒప్పుకునే దారులు లేకపోలేదు. నివాస అనుమతి ఉన్నవాళ్లకి 'హక్ పకై' అనే వాడుక హక్కు ఇస్తారు. 30 ఏళ్లు, ఆ పైన 20 పొడిగింపు, ఇంకో 30 పునరుద్ధరణ. అది ఉండటానికి, వ్యాపారానికి కాదు. గదులు అద్దెకిచ్చి సంపాదించాలంటే పరదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టాలి, దానికి పెట్టుబడి 1,000 కోట్ల రూపియాలు దాటాలి. మన రూపాయల్లో అయిదు కోట్ల పైమాటే. మిగిలింది లీజు, మన కౌలు లాంటిదే, పాతికేళ్లో ముప్పయ్యేళ్లో. ఇది తప్పు కాదు, కానీ దీన్ని ఆస్తి అనుకోకూడదు. ముందే కట్టిన అద్దె అది. ఏడాది గడిచే కొద్దీ అమ్మడానికి మిగిలేది తగ్గిపోతుంది. "ధర పెరుగుతుంది" అన్నవాడు భూమి ధర గురించి మాట్లాడతాడు, మన చేతిలో ఉన్న సంవత్సరాల గురించి కాదు. పైగా సముద్రపు పోటు గీత నుంచి కనీసం 100 మీటర్లు తీర రక్షణ భాగమని నిబంధన. మాకు చూపించిన స్థలం ముందు భాగం చాలా మటుకు అందులోకే వస్తుంది. బొమ్మలో గీసిన విల్లా సరిగ్గా అక్కడే ఉంది.

ఇంకొక మాట, ఆడవాళ్లకి ప్రత్యేకంగా. ఇండోనేషియా అబ్బాయిని చేసుకున్న మన అమ్మాయిలు ఉన్నారు. విడి ఆస్తుల ఒప్పందం లేకపోతే భర్త కొన్న భూమి ఉమ్మడి ఆస్తి అయి, భార్య పరదేశీ కాబట్టి చిక్కులో పడుతుంది. పెళ్లికి ముందే రాసుకోవాలన్న పాత నియమాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం సడలించింది, పెళ్లయ్యాక కూడా నోటరీ దగ్గర రాసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

స్థలం చూడటానికి వెళ్లిన రోజు అక్కడ వెదురు తడికెల మీద నాచు ఎండుతోంది. ఒక మామా దాన్ని తిరగేస్తోంది. మధ్యవర్తి మావారికి హద్దులు చూపిస్తుంటే నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. నాకొచ్చిన భాషలో ఈ స్థలం ఎవరిదని అడిగాను. తన తండ్రిదంది. అన్నదమ్ములు ముగ్గురు, ఒకడు కూపాంగ్‌లో, ఒకడు మలేషియాలో. అమ్ముతున్న సంగతి తెలుసా అంటే కాసేపు మాట్లాడలేదు. "పెద్దవాడు డబ్బు తీసుకున్నాడని విన్నాను ఇబు. నన్నెవరూ అడగలేదు. మీరు కొంటే కొనండి గానీ నా నాచు ఎక్కడ ఎండబెట్టుకోను?" అంది. కోపంగా కాదు, నిజంగా జవాబు కోసమే అడిగింది.

కాగితాలు అడిగాను. పట్టా సర్టిఫికెట్ లేదు. భూమి పన్ను కట్టిన రసీదు, పెద్దన్న సంతకం ఉన్న ఒక కాగితం, అంతే. పన్ను రసీదు ఇక్కడా హక్కు పత్రం కాదు, మన ఊళ్లలోలాగే. ఇలాంటి చోట వారసులందరి పేర్లతో ధ్రువపత్రం ఉండాలి, అందరూ ఊరి పెద్ద ముందు ఒప్పుకోవాలి, భూమి కార్యాలయంలో సర్టిఫికెట్ పుట్టాలి, ఆ తర్వాతే లీజైనా మరొకటైనా. మధ్యవర్తి "అవన్నీ తర్వాత చూసుకుందాం, అడ్వాన్సు ఇవ్వండి" అన్నాడు. ఆ మాటతో మావారు కూడా నా వైపుకి వచ్చేశారు. స్నేహితుల్లో ఒకాయన మాత్రం ఇచ్చారు. ఆయన భార్య ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు, నేను ముందే గట్టిగా అడ్డుపడలేదని ఒకసారి, అశుభం పలికానని ఇంకోసారి.

నా డబ్బు బ్యాంకులోనే ఉంది. రోటె మీద మనసు మాత్రం పోలేదు. నీళ్లు ఉప్పగా ఉంటాయి, దీవంతా సున్నపురాయి కావడంతో ఎండాకాలంలో బావులు అడుగంటుతాయి, స్నానానికి ట్యాంకర్ నీళ్లు కొన్నాం. పిల్లది అయినా తిరిగి రానని మొండికేసింది. వచ్చే జూన్‌లో నెల రోజులకి అదే మామా ఇంటి పక్క గదులు అద్దెకి మాట్లాడుకున్నాం. సగం అద్దె ముందుగా ఆవిడ చేతికే ఇచ్చాను. వచ్చేటప్పుడు కందిపప్పు తెస్తానంటే అదేమిటని అడిగింది. తాటిబెల్లంతో బొబ్బట్లు చేసి చూపిస్తానన్నాను.