కుందేలుకు నీలికోటు

చాలాకాలం క్రిందట ఒక పల్లెటూరి పాఠశాలలో రెండవ తరగతి పిల్లలకు వాచకం చెబుతున్నాను. పాఠంలో ఒక రైతు రెండెడ్ల బండి కట్టుకొని సంతకు పోతాడు. పాఠానికి పైన బండి బొమ్మ ఉన్నది. చదవడం ముగిసిన తరువాత వెనుక వరుసలోనుంచి ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, రెండో ఎద్దేదండీ?" అని అడిగినాడు. చూచినాను. నిజమే, బొమ్మలో ఒకటే ఎద్దు. ప్రక్కనుంచి చూచినప్పుడు ఒకదాని చాటున మరొకటి ఉండిపోతుందిరా అని సర్దిచెప్పబోయినాను. "అట్లా అయితే ఎనిమిది కాళ్లు కనపడాలి గదండీ" అన్నాడు వాడు. వాడి ఇంట ఎడ్లున్నవి. నా ఇంట లేవు.

ఆ బొమ్మ వేసిన చిత్రకారుని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయనకు పాఠం చదివే అవకాశమే కలిగిందో లేదో! పాఠం కూర్చడం అయిపోయిన తరువాత, ఇన్ని అంగుళాల చోటు మిగిలింది, బండి బొమ్మ ఒకటి కావలెనని కబురు వచ్చి ఉండవచ్చును. వాచకాలలో బొమ్మకు ఇట్టి కడపటి పీట వేయడం మనకు అలవాటే. అయితే పిల్లల బొమ్మల పుస్తకమని ఒక జాతి పుస్తకం వేరే ఉన్నది. అందులో బొమ్మ అలంకారం కాదు, సగం కథ. మాట చెప్పనిది బొమ్మ చెప్పవలె, బొమ్మ చెప్పినదానిని మాట తిరిగి చెప్పకూడదు. ఆ సగాన్ని చిత్రకారుడు ఎట్లా తయారుచేసుకొంటాడు అనేది తెలుసుకొనడం కష్టం. పుస్తకం అచ్చయిన తరువాత చిత్తుబొమ్మలు సాధారణంగా చెత్తబుట్టలో పడతవి. తొలి గీత మొదలు అచ్చుప్రతి వరకు ప్రతి మెట్టూ మనకు తెలిసిన పుస్తకాలు కొద్ది. వాటిలో ఒకటి పీటర్ రాబిట్ అనే కుందేలు కథ.

1893 సెప్టెంబరు 4వ తేదీన స్కాట్లండులోని డంకెల్డ్ నుంచి బియాట్రిక్స్ పాటర్ అనే 27 ఏండ్ల ఆంగ్ల యువతి ఒక ఉత్తరం వ్రాసినది. అది నోయెల్ మూర్ అనే ఐదేండ్ల బాలునికి. తనకు పూర్వం చదువు చెప్పిన పంతులమ్మగారి కుమారుడతడు. జబ్బుపడి మంచంమీద ఉన్నాడు. ఏమి వ్రాయాలో తోచక ఆమె నాలుగు కుందేలుపిల్లల కథ మొదలుపెట్టినది. మెక్‌గ్రెగర్ అనే ముసలివాని తోటలోకి పోవద్దని తల్లి చెప్పినా వినక పీటర్ దూరుతాడు, కూరగాయలు మెక్కుతాడు, ముసలివాడు తరుముతాడు, చెప్పులూ కోటూ పోగొట్టుకొని ప్రాణాలతో ఇల్లు చేరుతాడు. కథ ఇంతే. మాటల మధ్య మధ్య కలంతో గీసిన చిన్న చిన్న బొమ్మలున్నవి. మాట ఎక్కడ ఆగితే బొమ్మ అక్కడ వచ్చినది. ఎదురుగా మంచంమీద పిల్లవాడు ఉన్నట్లు, "ఇదిగో చూడు" అన్నట్లు. ఈ లక్షణం తరువాత పుస్తకంలోను చెక్కుచెదరలేదు.

గీతలు అంత తేలికగా పడినవంటే వాటి వెనుక ఎన్నో ఏండ్ల చూపు ఉన్నది. లండను నగరంలో ధనికుల ఇంట పుట్టి, బడికి పోక, ఇంటిలోనే చదువుకొన్న ఆమెకూ ఆమె తమ్మునికీ జంతువులే తోడు. కుందేళ్లు, ఎలుకలు, తొండలు, గబ్బిలాలు పెంచేవారు. చచ్చిన జంతువుల ఎముకలను శుభ్రంచేసి వాటి బొమ్మలు గీసేవారు. పుట్టగొడుగులను సూక్ష్మదర్శినితో పరీక్షించి వందలకొద్దీ నీటిరంగుల చిత్రాలు వేసినది ఆమె. ఆ పరిశోధనపై ఆమె వ్రాసిన వ్యాసం 1897లో లండనులోని లినియన్ సొసైటీలో చదవబడినది. ఆ సభలో స్త్రీలకు అప్పట్లో ప్రవేశం లేదు గనుక వేరొకరు చదివినారు. ఇంతకూ పీటర్ కల్పిత జంతువు కాదు. పీటర్ పైపర్ అని పేరుపెట్టి ఆమె పెంచుకొన్న కుందేలు. అది నిద్రపోయేటప్పుడు, ఒళ్లు నాకుకొనేటప్పుడు, చెవులు రిక్కించినప్పుడు ఎట్లా ఉంటుందో పుటలు పుటలుగా గీసి ఉంచుకొన్నది. కోటు తొడగకముందు కుందేలు కుందేలుగా చేతికి వచ్చి ఉండాలి. మనలో చాలమంది కోటుతోనే మొదలుపెడతారు.

ఏడేండ్లు గడిచినవి. ఆ ఉత్తరాన్ని పుస్తకం చేయవచ్చునని తోచి, నోయెల్ భద్రంగా దాచుకొన్న దానిని ఆమె అరువు తెచ్చుకొని, కథను పెంచి, నలుపుతెలుపు బొమ్మలు నలభైకి పైగా వేసి నమూనా పుస్తకం కుట్టినది. ప్రచురణకర్తలు ఒకరి వెంట ఒకరు త్రిప్పిపంపినారు. రంగుల బొమ్మలు కావలెనన్నారు. పుస్తకం ఆకారం ఇంకా పెద్దది కావలెనన్నారు. ఆమె ఒప్పుకోలేదు. చిన్నచేతులలో ఇమడవలె, పిల్లలు కొనగల ధర ఉండవలె అని ఆమె పట్టు. చివరకు 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకొన్నది. ముఖచిత్రం ఒకటే రంగులలో. ప్రతులు చాలక రెండు నెలలలో మరి 200 వేయవలసి వచ్చినది. పాపం, అసలు పీటర్ అప్పటికి లేదు. ఆ ఏడు జనవరిలోనే చనిపోయింది. తన సొంత ప్రతిలో ఆమె దాని పేరా నాలుగు ఆత్మీయ వాక్యాలు వ్రాసి ఉంచుకొన్నది.

ఈలోగా ఆమె కుటుంబమిత్రుడైన రాన్స్లీ అనే మతాచార్యుడు ఒక సాయం చేయబోయినాడు. కథ వచనంలో ఉంటే చెల్లదనుకొని పద్యాలుగా మార్చి, ఆమె బొమ్మలతో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీకి పంపినాడు. వార్న్ వారికి బొమ్మలు నచ్చినవి, పద్యాలు నచ్చలేదు. పాటర్ వ్రాసిన సాదా వచనమే ఉంచుదామన్నారు. పద్యాభిమానులు నన్ను క్షమింతురుగాక, వారి తీర్పు సరియైనదే. బొమ్మ కన్నును పట్టి ఆపుతున్నచోట ప్రాసకోసం మరొక నాలుగు మాటలు చేరిస్తే పిల్లవాడు పుట త్రిప్పివేస్తాడు.

వార్న్ వారు పెట్టిన నియమం ఒకటే: బొమ్మలన్నీ రంగులలో ఉండవలె. అందుకు ఆమె మొదట వెనుకాడినది. మంచి రంగుల అచ్చుకు ఖర్చు ఎక్కువ అనేది ఒక కారణం. రెండవది చిత్రకారులకు మాత్రమే తోచగల కారణం: కథలో ఉన్నవన్నీ కుందేలు గోధుమరంగూ ఆకుపచ్చా, వాటిలో రంగుకు సొగసు ఏమున్నదని! కడకు ఒప్పుకొని, బొమ్మల సంఖ్యను సుమారు ముప్పదికి తగ్గించి మళ్లీ వేసినది. కలంగీతను నిలుపుకొని దానిపై పలుచని నీటిరంగులు పూసినది.

ఆ రంగులు కాగితానికి ఎక్కిన విధం చెప్పవలె. మన పత్రికలలో త్రివర్ణ చిత్రమని పిలిచేవారే, అదే పద్ధతి. మూలచిత్రాన్ని మూడు రంగుటద్దాల గుండా మూడుసార్లు ఫోటో తీస్తారు. ఒక్కొక్క ఫోటోనుంచి సన్నని చుక్కల బ్లాకు ఒకటి తయారవుతుంది. ఒకటి పసుపుకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. ఒకే కాగితంపై మూడూ ఒకదానిమీద ఒకటి గురితప్పకుండా పడితే గోధుమరంగు కుందేలు దిగుతుంది. వెంట్రుకవాసి తప్పితే దానికి రెండు మూతులు వస్తవి. గరుకు కాగితంపై చుక్కలు అలుక్కుపోతవి, కనుక నునుపైన ఆర్టు పేపరు తప్పదు. ఇదంతా ఎరిగిన చిత్రకారుడు మొదటనే జాగ్రత్త పడతాడు. పాటర్ తన బొమ్మలకు చుట్టూ చట్రం గీయలేదు. బొమ్మ అంచులు తెల్లకాగితంలో మెల్లగా కరిగిపోతవి. ఆ ఖాళీ తెలుపే ఆమెకు ఆకాశం, దూరం, నిశ్శబ్దం.

ఇక నీలికోటు సంగతి. పచ్చని తోటలో గోధుమరంగు కుందేలు కంటికి ఆనదు. నీలం వెంటనే కనిపిస్తుంది. ఆ కోటు పని అంతటితో ఆగిపోలేదు. కోటు తొడుక్కొని ముల్లంగి దుంపలు తినేటప్పుడు పీటర్ రెండుకాళ్లపై నిలబడిన కొంటె కుర్రవాడు. చెప్పులు జారిపోగానే నాలుగు కాళ్లపై పరుగెత్తుతాడు. వలలో చిక్కి కోటు కూడ విడిచి దూకిన క్షణంలో కుర్రవాడు మాయమై, ప్రాణభయంతో ఉన్న అడవిజంతువు మిగులుతుంది. ఈ మార్పును మాట ఎక్కడా విప్పి చెప్పదు. మూసిన తలుపు దగ్గర ఒక పాదంపై మరొక పాదం వేసి, చెయ్యి నోటిదగ్గర పెట్టుకొని ఏడ్చే బొమ్మలో కోటు లేదు, అయినా కుర్రవాడు తిరిగివచ్చినాడు. మా తరగతిలో ఆ పుట వచ్చినప్పుడు అల్లరిపిల్లలే ముందు మౌనమైనారు.

మాటకు తెలియని రహస్యాలు కూడ బొమ్మలలో కొన్ని ఉన్నవి. పీటర్ ముల్లంగి తింటుండగా ఒక రాబిన్ పిట్ట ప్రక్కన వాలి ఉంటుంది. జారిపోయిన చెప్పును చూస్తూ మరొక పుటలో కూడ కనిపిస్తుంది. కథలో దాని ఊసే లేదు. దానిని కనిపెట్టే భాగ్యం చదవడం రాని పిల్లవానిదే. నీళ్లడబ్బాలో పీటర్ దాగినచోట బొమ్మలో పైకి కనిపించేవి రెండు చెవులు మాత్రమే. తోపుడుబండి ఎక్కి చూచినప్పుడు ముసలివాడు దూరాన వీపు త్రిప్పి ఉల్లిమళ్లు త్రవ్వుతుంటాడు, ఆవల తోట గేటు ఉంటుంది. ఆపదా, దారీ, ఆ రెంటికీ నడుమ దూరమూ ఒక్క బొమ్మలో! మన పంచతంత్రంలోని కుందేలు సింహాన్ని బావిదగ్గరకు తీసుకొనిపోయిన కథకు బొమ్మలు వేసేవారు ఇక్కడ ఆగి ఆలోచించవలె. బావిలోని నీడను ముందు పుటలోనే చూపిస్తే, తరువాతి పుటకు ఇక ఏమి మిగులుతుంది?

ఆమెకు చేతకానివీ ఉన్నవి. మనుషుల బొమ్మలు ఆమె చేతిలో సరిగా పలికేవి కావు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే మెక్‌గ్రెగర్ ఎప్పుడో గాని నిండుగా ఎదుటపడడు. పీటర్ తండ్రిని రొట్టెలో పెట్టి వండిన మెక్‌గ్రెగర్ భార్య బొమ్మ ఒకటి మొదట ఉండేది. 1903లో పుస్తకపు లోపలి అట్టలకు రంగుబొమ్మలు చేర్చవలసి వచ్చి నాలుగు బొమ్మలు తీసివేసినప్పుడు అదీ పోయినది. నూరేండ్ల ముద్రణలో, 2002లో, తిరిగి చేర్చినారు. నా మట్టుకు నాకు అది లేని పుస్తకమే మేలు. తండ్రి గతి తల్లి నోట ఒక్క వాక్యంలో విన్నప్పుడు కలిగే జంకు బొమ్మ చూస్తే కలుగదు.

వార్న్ వారి ముద్రణ 1902 అక్టోబరులో వెలువడినది. ధర ఒక షిల్లింగు. ఏడాది ముగిసేలోగా 28,000 ప్రతులు అచ్చయినవి. ఆ విజయం ఆమె చూపును మందగింపజేయలేదు. మరుసటి ఏట వచ్చిన గ్లాస్టర్ దర్జీ కథకోసం సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంలోని పదునెనిమిదవ శతాబ్దపు కోట్లను కుట్టు కుట్టుగా చూచి చిత్రించినది. దర్జీ ఎట్లా కూర్చుంటాడో చూడడానికి తన కోటు గుండీ తానే పీకివేసుకొని, కుట్టించుకొనే నెపంతో ఒక దుకాణానికి పోయి, అతని బల్లా కత్తెరా గుడ్డముక్కలూ కళ్లారా చూచి వచ్చినదట.

మొన్న ఒక బడిలో ఈ కథంతా చెప్పి పిల్లలచేత పుస్తకాలు కట్టించినాను. పెద్ద కాగితం ఒకటి తీసుకొని మూడు మడతలు పెట్టి అంచులు కోస్తే ఎనిమిది ఆకులు, పదహారు పుటలు. అచ్చాఫీసు వారి ఫారం అదే. అట్టివి రెండయితే ముప్పదిరెండు పుటల బొమ్మల పుస్తకం. ముందు పుటలు లెక్కపెట్టుకొని, ఏ బొమ్మ ఏ పుటలో రావాలో పెన్సిలుతో గుర్తుపెట్టుకోమన్నాను. పాత కక్ష తీరక కథగా బండి పాఠమే ఇచ్చినాను. ఒక అమ్మాయి మూడవ పుటలో బండి వేసి ఒకే ఎద్దును కట్టినది. కాడికి రెండవ ప్రక్క ఖాళీ. రెండవ ఎద్దు ఏదమ్మా అని అడిగినాను. ఆ పిల్ల మాటాడక పుట త్రిప్పినది. రెండవ ఎద్దు తాడు తెంచుకొని ఎవరి చేనిలోనో మెడవరకు మునిగి జొన్న మేస్తున్నది. కొమ్ములు మాత్రం పైకి కనిపిస్తున్నవి.