అవ్వ పాట... ఒక్క కీ దూరంలో!

అవ్వ గొంతు సవరించుకుంది. చెంగుతో మూతి తుడుచుకుని పాట ఎత్తుకుంది. నేనేమో ల్యాప్‌టాప్‌ తెర మీద ఎర్ర బొత్తాం కోసం మౌస్‌తో వెతుకుతున్నా. అది వేరే విండో వెనక దాక్కుంది. దొరికేసరికి రెండు చరణాలు గడిచిపోయాయి. ‘అవ్వా, మళ్లీ మొదట్నుంచీ పాడవా’ అంటే ‘పాడినా కదా నాయనా... ఇంగ ఊపిరాడదు’ అంది. ఆళ్లగడ్డ దగ్గర ఓ పల్లెలో మిట్టమధ్యాహ్నం జరిగిన ముచ్చట ఇది. తప్పు అవ్వది కాదు, కంప్యూటర్‌దీ కాదు. ముమ్మాటికీ నాదే!

తిరుగు ప్రయాణంలో నంద్యాలలో ఆగి, చిన్న రికార్డింగ్‌ గది నడుపుతున్న ఓ కుర్రాడి దగ్గర వాపోయాను. అతను నవ్వేశాడు. ‘మౌస్‌ పట్టుకుంటే అంతేనన్నా. ఎడమ చెయ్యి ఎప్పుడూ కీబోర్డు మీదే ఉండాల’ అన్నాడు. ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేస్తుంటే చూడండి. ఏ ఉలి ఎక్కడుందో చేతికే తెలుసు, చూపు రాతి మీంచి కదలదు. పాట పట్టుకునేవాళ్లకీ ఆ అలవాటే కావాలి. చూపు పాడేవాళ్ల మీద ఉండాలి, వేళ్లు పని చేసుకుపోవాలి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు హైవే మీద సుమారు 40 కిలోమీటర్లు. ఈ దారి పొడవునా పాటలకు కొదవ లేదు. సంక్రాంతి వెళ్తూనే అహోబిలం నరసింహస్వామి పార్వేటకు బయల్దేరి, తన పెళ్లికి పిలవడానికి నలభై రోజుల పాటు ఊరూరా తిరుగుతాడు. భజన బృందాలు, కోలాటం జట్లు, చర్చి గాయకులు, ఎన్నికలొస్తే ప్రచార గీతాలు... ఒకప్పుడు వీటిలో ఏది రికార్డు చేయాలన్నా పెద్ద నగరం బస్సెక్కాల్సిందే. ఇప్పుడు గోడలకు దుప్పట్లు వేలాడదీసిన ఓ గది, మైకు, కంప్యూటర్‌ ఉంటే చాలు. కాకపోతే అక్కడ పాడేదీ, మీటలు నొక్కేదీ చాలాసార్లు ఒక్కరే. అందుకే ఈ షార్ట్‌కట్‌ల గోల.

ఆర్‌... స్పేస్‌... అంతే!

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఆడాసిటీ నయం. 2000లో విడుదలైనప్పటి నుంచీ ఉచితమే. ‘ఆర్‌’ నొక్కితే రికార్డింగ్‌ మొదలు, స్పేస్‌ బార్‌ నొక్కితే ఆపు. నాకు ఆ రోజు తెలియాల్సింది ఈ ఒక్క అక్షరమే! రెండో గొంతు వేరే వరుసలో కావాలంటే షిఫ్ట్‌ పట్టుకుని ఆర్‌. మొదటి గొంతు చెవిలో వినిపిస్తుంటే రెండోది దాని కింద ఎక్కుతుంది. హెడ్‌ఫోన్‌ మర్చిపోతే మాత్రం పాత పాట మళ్లీ మైకులోకి దూరుతుంది.

మరి మధ్యలో తప్పు పాడితే? ఆపొద్దు. ఆపితే ఊపు పోతుంది. కంట్రోల్‌+ఎం నొక్కితే ఆ క్షణం దగ్గర చిన్న చీటీ పడుతుంది. అందులో ఓ అక్షరం కొట్టి ఎంటర్‌ నొక్కండి. ఎంటర్‌ మరిచారో, తర్వాత స్పేస్‌ బార్‌ నొక్కినా రికార్డింగ్‌ ఆగదు, చీటీలో ఖాళీ పడుతుంది. పాట అయ్యాక చీటీలున్న చోటికే నేరుగా వెళ్లొచ్చు. ఆఖరి చరణం ఒక్కటే చెడితే షిఫ్ట్‌+డి ఉంది. చెడిన చోటుకు ముందు కర్సర్‌ పెట్టి అది నొక్కితే, అంతకుముందు ఐదు సెకన్ల పాట వినిపించి, సరిగ్గా కర్సర్‌ దగ్గర రికార్డింగ్‌ అందుకుంటుంది. పాడేవాళ్లు శ్రుతిలోకి రావడానికి ఆ ఐదు సెకన్లు చాలు. అయితే కర్సర్‌ తర్వాత ఉన్న పాత ముక్క పోతుంది. పాట నడుమ ఈ ప్రయోగం చేయకండి. చేసినా... కంట్రోల్‌+జడ్‌ ఉందిగా!

విన్‌యాంప్‌ గుర్తుందా? నెట్‌ సెంటర్లలో ఎక్స్‌ నొక్కితే పాట, వి నొక్కితే ఆపు, బి నొక్కితే తర్వాతి పాట. దాన్ని 1997లో తయారుచేసిన జస్టిన్‌ ఫ్రాంకెల్‌ తర్వాత రీపర్‌ అనే రికార్డింగ్‌ సాఫ్ట్‌వేర్‌ రాశాడు. 60 రోజులు వాడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు. ఇందులో కంట్రోల్‌+ఆర్‌ రికార్డింగ్‌కు, కంట్రోల్‌+టి కొత్త ట్రాక్‌కు. ఎం నొక్కితే గుర్తు పడుతుంది. ఎస్‌ నొక్కితే కర్సర్‌ ఉన్నచోట పాట రెండు ముక్కలు. దగ్గు ముందొక ఎస్‌, వెనకొక ఎస్‌, ఆపై డిలీట్‌... దగ్గు మాయం! ఏ కీ దేనికో మరిచిపోతే ప్రశ్నార్థకం నొక్కండి, మొత్తం జాబితా వస్తుంది. అందులోనే మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు కూడా.

కీలు పనిచేయట్లేదా?

క్యూబేస్‌లో రికార్డింగ్‌ కీ, అంకెల ప్యాడ్‌ మీది నక్షత్రం గుర్తు. చిన్న ల్యాప్‌టాప్‌లకు ఆ ప్యాడే ఉండదు! కీ కమాండ్స్‌లోకి వెళ్లి వేరే కీ ఇచ్చుకోవాలి, లేదా విడిగా ప్యాడ్‌ కొనుక్కోవాలి. ఎఫ్‌ఎల్‌ స్టూడియోలో చిక్కు ఇంకోరకం. ఆర్‌ నొక్కితే రికార్డింగ్‌కు బదులు ‘టింగ్‌’మని స్వరం మోగుతుంది. చెడిపోయిందని కంగారుపడొద్దు. కీబోర్డును పియానోగా మార్చే సదుపాయం ఆన్‌లో ఉందన్నమాట. కంట్రోల్‌+టి నొక్కితే అక్షరాలు మళ్లీ అక్షరాలవుతాయి. ఎఫ్‌5తో ప్లేలిస్టు, ఎఫ్‌6తో వాయిద్యాల వరుస, ఎఫ్‌7తో పియానో రోల్‌, ఎఫ్‌9తో మిక్సర్‌ తెరుచుకుంటాయి.

కీబోర్డు వాద్యకారులకు మాత్రం ఓ వరం ఉంది. ఊరికే వేళ్లాడిస్తుంటే ఒక్కోసారి అద్భుతమైన బాణీ తగులుతుంది. రికార్డింగ్‌ మాత్రం ఆన్‌లో ఉండదు! క్యూబేస్‌లో అప్పుడు షిఫ్ట్‌తో పాటు ఆ నక్షత్రం గుర్తు నొక్కితే వాయించినది ట్రాక్‌ మీదికి వచ్చేస్తుంది. ఎఫ్‌ఎల్‌ స్టూడియోలో టూల్స్‌ మెనూలో ‘డంప్‌ స్కోర్‌ లాగ్‌’ అదే పని చేస్తుంది. ఇది మిడి వాయిద్యాలకే సుమా. 1983లో పుట్టిన మిడి శబ్దాన్ని దాచుకోదు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో మాత్రమే రాసుకుంటుంది కాబట్టి సాధ్యమైంది. అవ్వ గొంతుకు ఈ కిటుకు పనిచేయదు.

వాయించినదాన్ని తాళంలోకి లాగే క్వాంటైజ్‌ కూడా ఒక్క కీ దూరమే. క్యూబేస్‌లో క్యూ, ఎఫ్‌ఎల్‌ పియానో రోల్‌లో కంట్రోల్‌+క్యూ. నన్నడిగితే దీన్ని ఉప్పులా వాడాలి. తిశ్ర నడకలో సాగే పాటకు గళ్లు నాలుగేసి చొప్పున పెట్టి క్వాంటైజ్‌ చేస్తే నడక కుంటుతుంది. ముందు గళ్లను మూడేసిగా మార్చుకోవాలి. తప్పెట దెబ్బలో ఉండే ఆ కాస్త ముందూవెనకా తీసేస్తే ఇక మిగిలేది గడియారం చప్పుడే.

పాడుతున్నవాళ్లకు తమ గొంతు ఆలస్యంగా వినిపిస్తోందా? దానికి షార్ట్‌కట్‌ లేదు, బఫర్‌ తగ్గించాలి. 44,100 శాంపిల్‌ రేటు దగ్గర బఫర్‌ 1024 ఉంటే దానివల్లే సుమారు 23 మిల్లీసెకన్లు, 128కి తగ్గిస్తే 3. రికార్డింగ్‌ అయ్యాక మళ్లీ పెంచుకుంటే కంప్యూటర్‌ ఆయాసపడదు.

ఇక కరెంటు. ప్రతి టేక్‌ తర్వాత కంట్రోల్‌+ఎస్‌ కొట్టడం అన్నం తిని చెయ్యి కడుక్కున్నంత అలవాటు కావాలి. ఆడాసిటీ మధ్యలో ఆగిపోతే తిరిగి తెరిచినప్పుడు మిగిలింది తెచ్చివ్వజూస్తుంది గానీ, దాని మీద భారం వేసి కూర్చోలేం. చప్పుడు సంగతీ అంతే. పాటకు ముందు ఐదు సెకన్లు ఊరికే రికార్డు చేస్తే, ఆ నమూనాతో ఫ్యాను హోరు తగ్గించొచ్చు. రాళ్లు కోసే మిషన్‌ లేస్తూ పడుతూ ఉండే మోత మాత్రం ఓ పట్టాన పోదు. ఆళ్లగడ్డలో రికార్డింగ్‌కు రాత్రివేళే మేలు.

నెల తర్వాత మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను, సాయంత్రం ఎండ తగ్గాక. ఆర్‌ కీ మీద చిన్న బొట్టుబిళ్ల అతికించుకున్నా, చీకట్లోనూ వేలికి తగిలేలా. అవ్వ చెంగుతో మూతి తుడుచుకుంటుండగానే నొక్కేశాను. ఆ తుడుచుకున్న చప్పుడు, గొంతు సవరింపు, పక్కింటి మేక అరుపు కూడా ఉన్నాయందులో. మేకను తర్వాత కత్తిరించొచ్చని తెలుసు, మనసొప్పలేదు. పాట అయ్యాక అవ్వ దగ్గరికి జరిగింది.

‘నాది నాకు వినిపియ్యి నాయనా’ అంది.

స్పేస్‌ బార్‌ నొక్కాను.