గొట్టంలో బిగించిన నిప్పు

షిఫ్టు వదిలే వేళకు బొమ్మసంద్రలో రోడ్డు నిండా మనుషులే. బెంగళూరు దక్షిణపు అంచున, హోసూరు రోడ్డు మీద ఉన్న ఈ పారిశ్రామికవాడకు 2025 ఆగస్టులో మెట్రో పసుపు లైను కూడా వచ్చింది. ఆర్‌వీ రోడ్డులో బయల్దేరిన రైలుకు ఇదే చివరి స్టేషను. రోడ్డు పక్కన పరిచిన ఒక పట్టా మీద చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, వాటి మధ్య వరసగా టార్చిలైట్లు. నీలం యూనిఫాంలో ఉన్న కుర్రాడొకడు ఒకటి చేతిలోకి తీసుకుని అడిగాడు. "ఎంత దూరం పడతాదన్నా?"

"బోరు కాడ నిలబడి వేస్తే ఊరు కనపడతాది తమ్ముడూ" అన్నాడు అమ్మేవాడు.

యాసను బట్టి కుర్రాడిది కదిరి వైపని తెలిసిపోతూనే ఉంది. టార్చి వాళ్ల నాయనకట. రాత్రి ఏ వేళప్పుడో త్రీఫేజ్ కరెంటు వస్తే లేచి మోటారు వేయడానికి పోతాడు. గట్టు మీద పాముల భయం. కుర్రాడు డబ్బులిచ్చి, టార్చిని బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేనూ అలాంటిదే ఒకటి కొన్నాను. మూడొందలు చెప్పి రెండొందల యాభైకి ఇచ్చాడు.

ఇంటికొచ్చి వెనక మూత తిప్పితే నీలం ప్లాస్టిక్ తొడుగు వేసిన సెల్ ఒకటి జారి అరచేతిలో పడింది. దాని మీద 9900 ఎంఏహెచ్ అని, అంటే ఎంత చార్జి పడుతుందో చెప్పే లెక్క, అచ్చు వేసి ఉంది. అక్కడే నాకు అనుమానం వచ్చింది. దీన్ని 18650 సెల్ అంటారు. 18 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గొట్టం ఆకారానికి గుర్తు. ఈ కొలతలో పేరున్న కంపెనీలు 3500 ఎంఏహెచ్ పట్టించడానికే ఏళ్ల తరబడి కష్టపడ్డాయి. మంచి సెల్ 45 గ్రాములకు పైనే తూగుతుంది. నా చేతిలోది వంటింటి తూకం మీద పెడితే 31 గ్రాములే చూపించింది. దాని మీద తయారీదారు పేరు లేదు, భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే నంబరూ లేదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి పీకిన సెల్‌లకు కొత్త తొడుగు వేసి అమ్మడం కూడా ఈ బజారులో కొత్త సంగతి కాదు.

ఈ గొట్టానికి నూట పాతికేళ్లు దాటాయి. 1886లో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ పొడి సెల్‌కు పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు సెల్ అంటే ద్రవం నింపిన గాజు సీసా. తలకిందులైతే ఒలికిపోయేది, చేత్తో పట్టుకుని తిరగడం కుదిరేది కాదు. పొడి సెల్ వచ్చాక, 1899 జనవరి 10న అమెరికాలో డేవిడ్ మిసెల్ అనే ఆంగ్లేయుడి పేరున ఒక పేటెంటు నమోదైంది. ఒక గొట్టం, అందులో ఒకదాని వెనక ఒకటి సెల్‌లు, ముందు బల్బు, దాని వెనక అద్దంలా మెరిసే గిన్నె. దాన్ని తయారు చేసిన కంపెనీ కాన్రాడ్ హ్యూబర్ట్‌ది. తర్వాత మన ఇళ్లన్నిటికీ తెలిసిన ఎవరెడీ పేరు అక్కడ పుట్టిందే. అప్పటి సెల్‌కు ఓపిక తక్కువ, బల్బు తీగెకు ఆకలి ఎక్కువ. ఒక్క క్షణం వెలిగించి ఆపేసి, మళ్లీ ఒక్క క్షణం వెలిగించేవారు. అమెరికా వాళ్లు దాన్ని ఫ్లాష్ లైట్ అనడం అందుకే.

మన పల్లెల్లో అది బ్యాటరీ లైటు. పెళ్లి కొడుకుకు వాచీ, సైకిలుతో పాటు అత్తారు పెట్టే వస్తువుల్లో అదీ ఉండేది. 1972లో మొదలైన ఇండో నేషనల్ కంపెనీ జపాన్ వారి సాయంతో నెల్లూరులో నిప్పో సెల్‌లు తయారు చేసింది. వెలుగు మందగిస్తే సెల్‌లు తీసి ఎండలో పెట్టేవాళ్లం. వేడికి లోపలి రసాయనం కాస్త చురుకై ఒక పూట వెలిగేది. పూర్తిగా చచ్చిన సెల్‌ను రాయితో పగలగొట్టి, నడిమి కర్బన కడ్డీతో బండల మీద బొమ్మలు గీసిన చేతులు నావి. పైన జింకు డబ్బా, లోపల నల్లటి మసి, తడి. మహా అయితే సెల్ చీమిడి కారినట్టు కారేది, స్ప్రింగు తుప్పు పట్టేది, లైటు పాడయ్యేది. దానివల్ల ఇల్లు అంటుకుందన్న మాట మా ఊళ్లో నేను వినలేదు. మనకు టార్చి మీద ఉన్న నమ్మకమంతా ఆ రోజుల్లో ఏర్పడింది. ఇప్పటి టార్చి పైకి అలాగే కనిపిస్తుంది కనుక ఆ నమ్మకం అలాగే కొనసాగుతోంది. నాకు కలవరం కలిగించేది ఇదే.

లోపల మారినవి రెండు: బల్బు, సెల్. 1993లో జపాన్‌లో షూజీ నకమురా బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ చేసి చూపాడు. దాని మీద పసుపు పూత వేస్తే తెల్లటి వెలుగు వచ్చింది. ఇంకోవైపు లిథియం. 1970ల్లో విటింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త దానితో మళ్లీ మళ్లీ చార్జి చేయగల సెల్‌ను చేశాడు. 1980లో గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడుతో దాని బలం పెంచాడు. 1985లో యోషినో అందులోంచి లోహపు లిథియాన్ని తీసేసి, కర్బనంలో లిథియం అయాన్లు దూరి బయటికొచ్చే పద్ధతి పెట్టాడు. 1991లో సోనీ దాన్ని బజారుకు తెచ్చింది. ఆ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి, లిథియం సెల్ ఒక్కటే 3.7 వోల్టులు ఇస్తుంది. ఒకదాని కోసం ఒకటి పుట్టినట్టు కుదిరాయి. అలా ఒక్క సెల్‌తోనే అరచేతిలో ఇమిడే టార్చి ఊరి చివరి చింతచెట్టును చూపించే స్థితి వచ్చింది.

ఎంత బలం అందులో? 2500 ఎంఏహెచ్ ఉన్న నిజమైన సెల్‌లో నిండా చార్జి ఉంటే, ఆ శక్తితో 50 కిలోల బియ్యం బస్తాను ఇరవై అంతస్తుల పైకి ఎత్తవచ్చు. ఇది కేవలం విద్యుత్తు లెక్క. లోపలి ద్రవం మండితే పుట్టే వేడి వేరు.

సెల్‌ను విప్పితే, అది మీరు చేయొద్దు కానీ, లోపల మామిడి తాండ్ర చాపను చుట్టినట్టు ఉంటుంది. గ్రాఫైట్ పూసిన రాగి రేకు ఒకటి, లోహపు ఆక్సైడు పూసిన అల్యూమినియం రేకు ఒకటి, రెండూ తాకకుండా మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పొర. ఆ పొర మందం 20 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, అంటే తల వెంట్రుకలో మూడో వంతు. చుట్టూ తడిపే ద్రవం నీళ్లలో కలిపింది కాదు, మండే స్వభావమున్న కర్బన ద్రావకం. ఆ పొర చిరిగినా, కరిగినా, దానికి సూదిలాంటి లిథియం మొలక గుచ్చుకున్నా రెండు రేకులూ కలుస్తాయి. అక్కడ వేడి పుడుతుంది. వంద డిగ్రీల దరిదాపుల్లో గ్రాఫైట్ మీది రక్షణ పూత విరిగి ఇంకా వేడి విడుదలవుతుంది. 130 డిగ్రీల దగ్గర పాలిథిన్ పొర కరుగుతుంది. ఇంకా పైకి పోతే ఆక్సైడు తనలోని ఆక్సిజన్‌ను వదులుతుంది. మంటకు కావలసిన ప్రాణవాయువు కూడా లోపలే ఉందన్నమాట. ఒక మెట్టు వేడి రెండో మెట్టును రగిలిస్తుంది, అక్కడి నుంచి ఆపడం ఎవరి తరమూ కాదు.

ఫోనులోనూ ఇదే రసాయనం ఉంది కదా, టార్చి గురించే ఇంత ఎందుకు? గొట్టం వల్ల. మంచి కంపెనీ సెల్ పై మూతలో ఒక సన్నని గీత పెడతారు. లోపల వాయువు పెరిగితే ఆ గీత దగ్గర చిట్లి బయటికి పోవాలని దాని ఉద్దేశం. పోయేది ఎక్కడికి? వానకు తడవకుండా, కాలవలో పడినా చెడకుండా టార్చి మూతలకు రబ్బరు వాషర్లు బిగించారు. నీటిని లోపలికి రానివ్వని ఆ బిగింపే వాయువును బయటికి పోనివ్వదు. అల్యూమినియం గొట్టం, రెండు వైపులా మరలు, మధ్యలో పొంగే వాయువు. బాంబులు చేసేవాళ్లు చేసేదీ ఇదే అమరిక. ముందు అద్దమో వెనక మూతో తుపాకి గుండులా ఎగిరిపోతుంది, ఆ వేళ టార్చి ఎవరి చేతిలోనో, ఎవరి ముఖానికి దగ్గరగానో ఉంటుంది. వెలువడే పొగలో ఊపిరితిత్తులను కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా ఉంటుంది.

రెండు సెల్‌ల టార్చిలో ఇంకో చిక్కు. పాత జింకు సెల్‌ల అలవాటు కొద్దీ ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తాం. లిథియంలో బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది, బలమైనది దాన్ని ఉల్టా తోస్తూనే ఉంటుంది. ఖాళీ అయిన సెల్‌లో రాగి కరిగి, తర్వాత చార్జి చేసినప్పుడు లోపల షార్టుకు దారి వేస్తుంది. ఇలాంటి టార్చిలు పేలడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

నిరుడు మా గదికి ఎదురుగా ఉండే ఒక షిఫ్టు కార్మికుడు టార్చిని చార్జింగు పెట్టి దిండు పక్కన ఉంచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున చేయి తగిలి మెలకువ వచ్చిందట, పట్టుకోలేనంత వేడి. వైరు పీకి బకెట్ నీళ్లలో పడేశాడు. తెల్లారాక నేను వెళ్లేసరికి గదిలో ఇంకా గోళ్లరంగు తుడిచే మందు లాంటి తియ్యటి వాసన. లోపలి ద్రవం బయటికొచ్చిందనడానికి గుర్తు ఆ వాసన. అతనికి ఏమీ కాలేదు. ఆ గదిలో నలుగురు పడుకుంటారు, తలుపు ఒక్కటే.

లిథియం నిప్పు ఎంత దూరం పోగలదో తెలుగువాళ్లకు చెప్పనక్కర లేదు. 2022 ఏప్రిల్లో నిజామాబాదులో, విజయవాడలో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఇద్దరు పోయారు. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసింది, 8 మంది చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం వాహన బ్యాటరీల పరీక్షలను కఠినం చేసింది. స్కూటర్ బ్యాటరీలో సెల్‌ల వోల్టేజీని, వేడిని కనిపెట్టే బోర్డు ఉండాలి. రెండొందల యాభై రూపాయల టార్చిలో ఆ కాపలా ఉంటుందన్న నమ్మకం లేదు. 4.2 వోల్టుల దగ్గర చార్జింగు ఆగాలి, దాన్ని ఆపే కొద్ది రూపాయల చిప్ లోపల ఉందో లేదో పైకి తెలియదు.

మన దగ్గర మంచి సెల్‌లు చేయలేక కాదు. 2022లో తిరుపతిలో లిథియం సెల్‌ల ఫ్యాక్టరీ మొదలైంది, రోజుకు 20 వేల సెల్‌లు చేసే శక్తితో. మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో అమరరాజా పెద్ద ఎత్తున కడుతోంది. సెల్ భద్రతకు ఐఎస్ 16046 ప్రమాణం ఉంది, బీఐఎస్ నమోదు తప్పనిసరి. సెల్ మీద ఆర్ అనే అక్షరం, తర్వాత ఎనిమిది అంకెలు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నిజమో కాదో తేలిపోతుంది. రోడ్డు మీది పట్టా దాకా ఆ తనిఖీ రాకపోవడం తప్పే. ఆ తప్పు పట్టా పరిచి నాలుగు రాళ్లు సంపాదించుకునేవాడిది మాత్రం కాదు. ఊరూపేరూ లేని సెల్‌లను పెట్టెలకొద్దీ దించేవాళ్లను పట్టుకోవాలి.

ఊళ్లో నాన్నకు, మామయ్యకు టార్చి కొనిచ్చే పిల్లలకు ఒక్క మాట. 9900 అని రాసి ఉంటే అది అబద్ధం, కొనకండి. వంద ఎక్కువైనా నమోదు నంబరున్నది కొనండి. దాంతో పాటు ఫోను చేసి ఈ నాలుగు సంగతులూ చెప్పండి: మనిషి మెలకువగా ఉన్నప్పుడే చార్జింగు పెట్టాలి, గచ్చు మీద పెట్టాలి, పరుపు మీద వద్దు. మే నెల ఎండలో బండి డిక్కీలో వదిలేయొద్దు. కిందపడి సొట్టపోయినా, తియ్యటి వాసన వచ్చినా మళ్లీ వాడొద్దు. పాత సెల్‌ను పిల్లల చేతికి ఇవ్వకుండా, చెత్తలో వేయకుండా, రెండు కొసలకూ టేపు అంటించి పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వాలి. ఆ కదిరి కుర్రాడికి ఇవేవీ ఆ సాయంత్రం నేను చెప్పలేకపోయాను. మీరు చెప్పండి.