మన ఇంటి చిరునామాకు పరుల ఉత్తరములు

గ్రామములో పోస్టుమాన్ ఎరుగని గడప ఉండదు. ఏ ఇంట ఎవరున్నారో, ఎవరు వలస వెళ్ళినారో అతనికి తెలియును. అట్టి చోట కూడ ఒక్కొక్కప్పుడు మన ఇంటి నంబరుతో, మనమెన్నడును వినని పేరుతో బ్యాంకు కవరు వచ్చుట కలదు. ఇంటివారు దానిని చూరులో దోపి మరచిపోవుదురు. ఈ ఉపేక్ష ఏల తగదో, ఏమి చేయవలెనో పంచాయతీ సభ్యులకు ఇచ్చట వివరింతుము.

అట్టి ఉత్తరము లన్నియు మోసములు కావు. పూర్వము అద్దెకున్నవారు చిరునామా మార్చుకొనకపోవచ్చును. ఇంటి నంబరులో ఒక అంకె తప్పిపోవచ్చును. ఒకే ఇంటిపేరు గల కుటుంబములు పెక్కు ఉన్న ఊళ్ళలో ఇది సహజమే. కావున మొదట ఇరుగు పొరుగును విచారింపవలెను.

విచారించినను ఆ పేరు గలవారు ఊరిలో లేరని తేలినచో జాగ్రత్త పడవలెను. ఖాతా తెరచునపుడు, అప్పిచ్చునపుడు బ్యాంకులు మనిషి గుర్తింపును, చిరునామాను పరిశీలింపవలెనని నిబంధన కలదు. మోసగాండ్రు దొంగ పత్రములతోనో, పరుల పత్రముల నకళ్ళతోనో ఖాతాలు తెరచి, ఏదో ఒక ఇంటి చిరునామా చూపుదురు. అమాయకుల నుండి కాజేసిన సొమ్ము ఆ ఖాతాల గుండ చేతులు మారును. సంతకము చేయని అప్పునకు ఇంటి యజమాని బాధ్యుడు కాడు. అయినను విచారణకు వచ్చువారు ముందుగా తట్టునది ఆ తలుపునే.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. పరుల పేరిట వచ్చిన కవరును విప్పరాదు, చింపరాదు. దానిపై “ఈ పేరు గలవారు ఈ ఇంట లేరు” అని వ్రాసి పోస్టుమాన్‌కు తిరిగి ఈయవలెను. వచ్చిన తేదీని, పంపినవారి పేరును ఒక పుస్తకములో గుర్తుంచుకొనవలెను. మరల మరల వచ్చుచున్నచో ఆ బ్యాంకునకు జాబు వ్రాసి, నకలు దగ్గర ఉంచుకొనవలెను. “మా కార్డు పొరపాటున మీ ఇంటికి వచ్చినది, ఇండు” అని అపరిచితుడెవడైన వచ్చినచో చేతికీయక పోస్టాఫీసునకు పంపవలెను.

తీసికొనని అప్పునకు మన పేరిటనే నోటీసు వచ్చినచో అది మరింత ప్రమాదము. మన పేరున ఉన్న అప్పులను తెలుపు నివేదికను ఏటా ఒకసారి ఉచితముగ పొందు హక్కు 2017 నుండి కలదు. సిబిల్ మొదలగు నాలుగు సంస్థలు దాని నిచ్చుచున్నవి. అందు తప్పున్నచో ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో పరిష్కారము కానిచో, ఆపైన దినమునకు 100 రూపాయల వంతున పరిహారము చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు నియమము 2024 ఏప్రిల్ నుండి అమలులో నున్నది. మన పేరున ఎన్ని ఫోను నంబర్లు ఉన్నవో కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ ద్వారా చూచుకొనవచ్చును. సొమ్ము పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. పరుల పాస్‌వర్డు, ఎలక్ట్రానిక్ సంతకము వంటి గుర్తింపు లక్షణములను మోసముతో వాడువారికి 2000 సంవత్సరపు ఐ.టి. చట్టము 66-సి సెక్షను క్రింద 3 ఏండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును.

ఇక పంచాయతీ సభ్యుల బాధ్యత ప్రత్యేకమైనది. ఫలానావారు ఫలానా ఇంట నివసించుచున్నారని మనము వ్రాసి యిచ్చు మాటను దూరముననున్న అధికారి నమ్మును. అతడు ఆ ఇంటిని చూడలేదు. మనము చూచితిమని అతని విశ్వాసము. తెలిసినవారు తెచ్చిరని మొగమాటముతో చేసిన సంతకము మోసగానికి తాళపుచెవి యగును. అందుచే ఆ ఇంటికి పోయి చూడకయో, వార్డు సభ్యుని అడుగకయో నివాసమును ధ్రువీకరింపరాదు. కార్యాలయమునకు ఇచ్చిన ఆధార్ నకళ్ళను బల్లలపై వదలరాదు. చివరి 4 అంకెలు మాత్రమే కనబడు ఆధార్ ప్రతితో సరిపోవు చోట అదే తీసికొనవలెను. ఓటర్ల జాబితా ముసాయిదా వచ్చినపుడు తమ ఇంటి నంబరు క్రింద తెలియని పేర్లున్నవేమో చూచుకొనుడని గ్రామసభలో చాటింపవలెను. అట్టివి ఉన్నచో ఫారము 7 ద్వారా అభ్యంతరము తెలుపవచ్చును.

ఎవరెచ్చట నివసించుచున్నారో పట్టణములో ప్రక్క ఇంటివారికి తెలియకపోవచ్చును. గ్రామములో అందరకు తెలియును. ఈ ఎరుకయే మనకు కావలి. వచ్చు గ్రామసభలో ఈ విషయమును పది నిమిషములు చర్చించినచో, చదువురాని వృద్ధులకును, ఒంటరి స్త్రీలకును అది పెద్ద రక్షణ కాగలదు.