మంచుకొండలలో ఒంటి నంటి యుండు వస్త్రము



నేటి ప్రసంగ విషయము వినగానే కొందరు నవ్వుకొనవచ్చును. మన గ్రామములలో ఎండకు వెఱచువారే కాని మంచునకు వెఱచువారు లేరు గదా, మంచుమీద జారెడు క్రీడకు లోపల నేమి తొడుగుకొనవలెనో మనకేల యని అడుగవచ్చును. ఈ ప్రశ్న మా యింటి గుమ్మమునకే నడచి వచ్చినది, కావున చెప్పుచున్నాను.

మొన్న కార్తిక మాసమున మా యూరి పెద్ద యొకరు, వరుసకు నాకు బాబాయి, చేత మూటతో వచ్చిరి. వారి మనుమడు కాశ్మీరమునందలి గుల్మార్గునకు స్కీయింగు నేర్చుటకు పోవుచున్నాడు. మూటలో పన్నెండు క్రొత్త నూలు బనియన్లు గలవు. “నాయనా, ఒకటి తడిసిన నొకటి మార్చుకొనును. పైన మందపు కోటు ఉండనే యున్నది. చాలునా?” అని యడిగిరి. “బాబాయిగారూ, కోటు మంచిదే; ఈ బనియన్లే ప్రమాదము” అంటిని. వారు తరతరములుగా మగ్గము నాడించిన వంశమువారు. ఆ మాట వారికి కష్టము తోచినది. “నూలుకంటె మేలైన బట్ట యేదిరా?” అనిరి. అప్పుడు నేను చెప్పిన సమాధానమే యీ ప్రసంగము.

ముందుగా నా తెలివితక్కువను చెప్పెదను. పడుచుతనమున నేనును గుల్మార్గునకు పోయితిని. అది సముద్రమట్టమునకు సుమారు 2,650 మీటర్ల యెత్తున నున్నది. స్కీయింగనగా పొడవైన రెండు పలకలను బూట్లకు బిగించి, చేత రెండు కఱ్ఱలు బట్టి, మంచు వాలుపై జారుట. చూచువారికి గాలిలో తేలినట్లుండును. నేర్చువానికి మాత్రము పడుట, లేచుట, మరల వాలు నెక్కుట. గంటలో నా నూలు బనియను పిండిన నీరు కారునంతగా తడిసినది. పిమ్మట నా వంతు వచ్చుదాక వరుసలో నిలిచితిని. గాలి వీచెను. పైన మందపు కోటున్నను వీపునకు మంచుగడ్డ నానించినట్లయ్యెను. వ్రేళ్లు మొద్దుబారినవి, నాలుక తడబడెను. తోడివారు నన్ను గదికి గొనిపోయి, తడిబట్ట విప్పించి, కంబళి చుట్టిరి గనుక బ్రతికితిని. తప్పు కొండది కాదు, కోటుది కాదు. నా ఒంటి నంటియున్న బట్టది.

కారణమేమన, మనకు వెచ్చదన మిచ్చునది బట్ట కాదు, బట్ట పోగుల నడుమ నిలిచియున్న గాలి. కదలని గాలి వేడిని పోనీయదు. ఆ గాలియున్న చోటికి నీరు వచ్చినచో కథ మారును. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా వేడిని లాగికొనిపోవును. ఇంకొకటి కలదు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కేలరీ చాలును. అదే గ్రాము చెమట చర్మముపై నావిరి యగుటకు సుమారు 580 కేలరీలు కావలెను. ఆ వేడి మన దేహమునుండియే పోవును. వేసవిలో కూజాకు తడిగుడ్డ చుట్టి నీరు చల్లబఱచుట మీ రెఱుగుదురు. చెమటతో తడిసిన నూలు బనియను తొడిగిన మనుష్యుడు మంచులో నడచుచున్న కూజా వంటివాడు.

కావున నూలునందు దోషము లేదు. మన యెండలలో చెమటను పీల్చి, పట్టియుంచి, మెల్లగా ఆర్చుచు ఒడలు చల్లబఱచుట దాని గుణము. ఇచ్చట ప్రాణమునకు హాయి నిచ్చు గుణమే అచ్చట ప్రాణమునకు ముప్పగుచున్నది.

మఱి యేది తగును? దీనికి సమాధానము మన గొల్ల, కురుమ సోదరుల భుజముపైననే యున్నది. వానలో గొంగడి కప్పుకొని మందను కాచు కాపరిని చూచితిరా? గొంగడి తడిసినను లోన వెచ్చగనే యుండును. ఉన్నిపోగు తన బరువులో దాదాపు మూడవవంతు తేమను ఆవిరిరూపమున తన గర్భములోనికి తీసికొనును. అయినను చర్మమునకు తడి తగులనీయదు. తేమను పీల్చునప్పుడు కొంచెము వేడిని గూడ విడుచును. ఉన్నిపోగు వంకరలు తిరిగి యుండుటచే తడిసినను చదునుగా నడగిపోక గాలిని కొంత నిలుపుకొనును.

అట్లని గొంగడి ఉన్నితో బనియను కుట్టించినచో ఒడలంతయు గుచ్చుకొనును. 30 మైక్రానులకు మించి లావైన పోగుల మొనలు చర్మమును పొడుచును. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ భాగము. ఇందులకు మెరీనో యను గొఱ్ఱె ఉన్ని శ్రేష్ఠము. ఈ జాతి స్పెయిను దేశమున ప్రసిద్ధి కెక్కి, 1797లో ఆస్ట్రేలియా చేరినది. లోవస్త్రములకు వాడు మెరీనో పోగు సుమారు 17 మొదలు 19 మైక్రానుల లావే, గుచ్చదు.

రెండవది పాలియెస్టరు. ఇది నూనెరాతి సరకులనుండి పుట్టిన పోగు. ఇది నీటిని తనలోనికి దాదాపు తీసికొననే తీసికొనదు. ప్రమిదలోని వత్తి నూనెను పైకి లాగినట్లు, పోగుల నడుమ సందులగుండ చెమటను చర్మమునుండి పైతట్టునకు లాగి, పలుచగా పఱచి, త్వరగా నార్చును. వెల తక్కువ, మన్నిక యెక్కువ. కాని ఒకటి రెండు దినములలోనే చెమటకంపు గొట్టును. ఉన్ని అంత త్వరగా కంపు గొట్టదు. కాని ఆలస్యముగా నారును, వెల యెక్కువ, పురుగు కొట్టును. పలుమారు పడి లేచి చెమటోడ్చువానికి పాలియెస్టరు చాలును. చలి కోర్వలేనివానికి, ఎక్కువసేపు నిలువవలసినవానికి ఉన్ని మేలు.

ఇక కొనుటలో చూడవలసినవి. బట్ట ఒంటికి బిగువుగా నంటవలెను. వదులుగా నున్నచో చెమటను లాగదు. ఊపిరికి, చేతులు చాచుటకు అడ్డు రాకూడదు. చదరపు మీటరునకు 150 మొదలు 200 గ్రాముల బరువు గలది జారువానికి సరిపోవును. మిక్కిలి చలికి 250 గ్రాములది. లోపలి చీటీని చదివి నూలు కలిసినదాని విడువవలెను. అంగీ నడుము దిగి, వంగినను వీపు బయటపడకుండ నుండవలెను. లాగు బూటు పైయంచుననే నిలువవలెను. బూటులోనికి దూర్చినచో మడతలు పడి కాలు ఒరయును. బూటులో ఉన్ని మేజోడు ఒక్కటే యుండవలెను. రెండు తొడిగినచో రక్తము సరిగా పాఱక పాదములు మఱింత చల్లబడును.

దీనిపైన వెచ్చని రెండవ పొర, ఆపైన గాలిని మంచును ఆపు మూడవ పొర. బయలుదేరునప్పుడు కొంచెము చలిగా నుండుటయే మంచిది. చెమట పట్టకముందే ఒక పొర విప్పవలెను. సాయంకాలము తప్పక పొడిబట్ట మార్చవలెను.

ఒక హెచ్చరిక. దేహపు లోవేడి 35 డిగ్రీల సెంటీగ్రేడుకంటె తగ్గినచో అపాయము. వణకు, మాట ముద్దగుట, చేతులు పట్టు తప్పుట దాని గుర్తులు. వెంటనే గాలి తగులని చోటికి చేర్చి, తడిబట్ట విప్పి, పొడిబట్ట చుట్టి, వైద్యుని పిలువవలెను. సారాయి ఈయరాదు, అది వేడి పుట్టించినట్లు తోపించి, చర్మమునకు రక్తమును పాఱించి, లోనున్న వేడిని బయటికి పోగొట్టును. గడ్డకట్టిన వ్రేళ్లను రుద్దరాదు.

ఇదంతయు విని బాబాయిగారు చాలసేపు మాటాడలేదు. పిదప మూట విప్పి, బనియన్ల నొక్కొక్కటిగా మడిచి, “వేసవికి వాడింటికి వచ్చునప్పుడు తొడుగుకొనును లే” అనిరి. మఱునాడు పట్టణమునకు పోయి రెండు జతల ఉన్ని లోవస్త్రములు తెచ్చి, చీటీ నాచేతనే చదివించుకొనిరి.

మీ పిల్లలును సైన్యమునకో, చదువునకో, క్రీడలకో మంచుకొండలకు పోవచ్చును. వారి పెట్టె కట్టునప్పుడు పైకోటును చూచి తృప్తిపడక, అడుగున నేమి పెట్టితిరో చూడుడు. సెలవు.