ఉప్పునీటి తొట్టిలో గవ్వలు

గవ్వలు, శంఖములు ముఖ్యముగా కాల్షియం కార్బొనేటుతో ఏర్పడినవి. చేపల తొట్టికి హాని వానివలన కాదు, వాని మెలికలలో మిగిలిన మాంసపు తునకవలన. అది కుళ్ళినచో అమ్మోనియా పుట్టి చేపలు చచ్చును. కావున ఏ ప్రాణియు లేని గవ్వలనే ఏరవలెను; ఖాళీ గవ్వలలో పీతలు కాపురముండుట కలదు.

ముందు మంచినీట నానబెట్టి, లోపల బ్రష్షుతో తోమవలెను. పిదప పది పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచింగు ద్రవము కలిపి, అందులో ఒక దినముంచవలెను. దీనితో వినిగరు ఎన్నడును కలుపరాదు. క్లోరిన్ అను విషవాయువు వెలువడును. పైగా వినిగరులోని ఆమ్లము గవ్వనే కరగించును. తరువాత హైపో వేసిన నీట నానబెట్టి, పలుమార్లు కడిగి, వాసన పూర్తిగా పోవువరకు ఎండబెట్టవలెను.

పగడపు శిలను మాత్రము సముద్రమునుండి తేరాదు. మన దేశమున పగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ నిచ్చుచున్నది. కొన్ని శంఖజాతులకును ఆ రక్షణ కలదు.