చేదుకు ఎన్ని మార్కులు?

మద్యం మీద మీరు వ్యాసం వ్రాయటమేమిటని మా ఆవిడ అప్పుడే నిలదీసింది. నన్నయగారిని చెప్పుకొని బ్రతికేవాణ్ణి. కచుడి బూడిదను కల్లులో కలుపుకు త్రాగిన శుక్రాచార్యులు ఆనక సురాపానాన్ని శపించిన కథ ఏటా క్లాసులో ఆవేశంగా చెప్పేవాణ్ణి. అయినా వ్రాయక తప్పటం లేదు.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు సియాటిల్ నుంచి పూండి వచ్చాడు. పెట్టెలోంచి రెండు టిన్నులు తీసి, "చిన మావయ్యా, ఇది నువ్వనుకునే బీరు కాదు. చిన్న బట్టీలో కొద్దికొద్దిగా కాచినది. ఒక్క గుక్క రుచిచూసి, పరీక్ష పేపరు దిద్దినట్టు మార్కులు వెయ్యి" అన్నాడు. మా ఇంట్లో ఆ వస్తువు గడప దాటటం అదే మొదలు. అందుకని పెరట్లో, 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు పోగా మిగిలిన నాలుగు కొబ్బరిచెట్ల క్రింద, కుర్చీలు వేసుకున్నాము.

గ్లాసులో పోస్తే పలచని బెల్లం పానకం రంగు, పైన తెల్లని నురుగు. దాని పేరు ఇండియా పేల్ ఏల్ అట. పద్ధెనిమిదో శతాబ్దం చివర లండన్‌లో హాడ్జ్‌సన్ అనే ఆయన బట్టీ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడలమీద మన దేశానికి వచ్చిన బీరుకు వారసురాలు. నెలల తరబడి ప్రయాణంలో పులిసి పాడుకాకుండా హాప్ పువ్వు దండిగా వేసేవారు. మన తాటికల్లుకు ఈ బాధ లేదు. పొద్దున్న తియ్యన, సాయంత్రానికి పులుపు, మర్నాటికి ఎవడూ ముట్టడు.

ఈ హాప్ ఒక తీగ. వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా లోయ దీనికి పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లు. అమెరికా పంటలో సుమారు ముప్పాతిక భాగం అక్కడిదే. ఆడపువ్వు రేకుల మధ్య పసుప్పచ్చని పొడి ఉంటుంది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల కషాయంలో ఆ పువ్వును చాలాసేపు మరిగిస్తే చేదు దిగుతుంది గాని వాసన ఎగిరిపోతుంది. కాబట్టి వాసనకోసం మరికొంత పువ్వు ఆఖర్న వేస్తారు, చారు దింపేముందు కొత్తిమీర వేసినట్టు. ఈ కిటుకు మన ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా!

గుక్క పుచ్చుకున్నాను. ముందు కొంచెం తీపి. మ్రింగిన తరువాత చేదు వచ్చింది. వేపపువ్వు చేదు నాలుకమీద పడి వెళ్లిపోతుంది. ఇది గొంతు మొదట కూర్చుని కదలదు. చేదుతో నాకు పేచీ లేదు, కాకరకాయ మీద పెరిగినవాణ్ణి. కాని దాని వెనకనే ఒక వగరు దాపురించింది, అది మాత్రం దోషమే. రంగుకు ఎనభై, చేదుకు అరవై అన్నాను.

వాసనకు వేయబోతూంటే పెద్దన్నయ్య మెల్లగా వచ్చి కూర్చున్నాడు.

ఉద్దానం సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అన్నయ్య డయాలిసిస్‌కని వారానికి మూడుసార్లు పలాస వెళ్లివస్తాడు. మంచినీళ్లు కొలిచి త్రాగాలి. ఒంట్లో పొటాషియం పెరుగుతుందని కొబ్బరినీళ్లు కూడా నిషేధం. చెట్లెక్కి బొండాలు దింపిన మనిషికి!

"ఏటిరా అది? ఇలా తే, వాసన చూస్తాను" అన్నాడు. నేను తటపటాయించాను. మేనల్లుడు గ్లాసు అందించాడు.

అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. "పంపరపనస తొక్క. గోటితో గిల్లినప్పటిది" అన్నాడు. మళ్లీ వాసన చూసి, "వెనకాల జీడిమామిడి పండుంది. బాగా ముగ్గింది. నాన్న ఉండగా ఏప్రిల్లో మన తోట ఇలాగే ఉండేది" అన్నాడు.

మేనల్లుడు టిన్ను త్రిప్పి చదివాడు. నారింజ జాతి పండ్లు, మామిడి అని వ్రాసి ఉంది. నాకు ఆ రెండూ తట్టనేలేదు. ఎం.ఏ. చదివిన ముక్కు!

వాసన మార్కులు అన్నయ్యనే వెయ్యమన్నాను. తొంభై వేశాడు. నురుగంతా చచ్చేదాకా గ్లాసు చేతిలోనే ఉంచుకున్నాడు, పెదవికి తగలనివ్వలేదు. మా వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

రెండో టిన్ను తెరవలేదు. ఎక్కువరోజులు ఉంచితే ముందు పోయేది వాసనేనని మేనల్లుడు వెళ్తూ వెళ్తూ హెచ్చరించాడు. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనక దాచింది. వచ్చే ఆదివారం తెరుద్దామంటున్నాడు అన్నయ్య.